కామరూప విద్య: కథలోను, ఆటలోను

మంత్రం ఉన్న కథ చెప్పడం బహు తేలిక అని లోకంలో ఒక అపోహ ఉన్నది. కథానాయకునికి ఆపద రాగానే ఏ మునీశ్వరుడో ప్రత్యక్షమై ఒక గుళిక చేతిలో పెట్టి అదృశ్యుడైతే సరి, ఆపద గట్టెక్కుతుంది, కథ కంచికి వెళుతుంది అని కొందరు తేల్చి చెప్పుతారు. అట్టి కథలు లేకపోలేదు. అయితే అవి ఎవరికీ జ్ఞాపకం ఉండవు. మనకు తరతరాలుగా జ్ఞాపకం ఉన్న మంత్రకథలను కొంచెం విప్పి చూస్తే, వాటిలో మంత్రం కంటె మంత్రానికి ఉన్న హద్దు, ఆ హద్దులోనే దారి వెదకుకొన్న మనిషి తెలివి ఎక్కువగా కనబడతవి.

ఈ సంగతి ఇప్పుడు ప్రస్తావించడానికి కారణం ఒక ఆట. అమెరికాలో 1974లో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే పేరుతో ఒక బల్లమీది ఆటను ప్రచురించినారు. ఇందులో చదరంగానికి వలె పావులు, గడులు ఉండి తీరవలెనని లేదు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకడు సూత్రధారుడు. మిగిలిన వారిలో ఒక్కొక్కడు ఒక్కొక్క పాత్రను ధరిస్తాడు: ఒకడు యోధుడు, ఒకడు దొంగ, ఒకడు మాంత్రికుడు. సూత్రధారుడు, 'మీ ఎదుట పాడుబడిన కోట ఉన్నది, తలుపు లోపల గడియ వేసి ఉన్నది, ఏం చేస్తారు?' అని అడుగుతాడు. వీరు నోటితో చెప్పుతారు. ఫలితం అనుమానాస్పదమైన చోట నాలుగు ముఖాలది మొదలు ఇరవై ముఖాలది వరకు రకరకాల పాచికలు వేసి తేల్చుకొంటారు. కథ ఎవరూ ముందుగా వ్రాసిపెట్టరు. అది ఆ బల్ల దగ్గరే పుడుతుంది. మన వీధి అరుగులమీద బాలలు 'నేను రాజును, నువ్వు దొంగవు' అంటూ ఆడుకొన్న ఆటకు నియమాలు కూర్చి, గ్రంథం చేసినారనుకొంటే పొరపాటు లేదు.

ఈ ఆటలో మాంత్రికుల విద్యలను ఎనిమిది శాఖలుగా విభజించినారు. భ్రమ కల్పించేది ఒకటి, భవిష్యత్తు తెలుసుకొనేది ఒకటి, మనస్సును వశం చేసికొనేది ఒకటి, ఇట్లా. వాటిలో వస్తువుల రూపాన్ని, గుణాన్ని మార్చే శాఖ ఒకటి. 1978 నాటి గ్రంథంలో దీనిని 'ఆల్టరేషన్' అన్నారు. 2000లో వచ్చిన మూడవ కూర్పు నుంచి 'ట్రాన్స్‌మ్యుటేషన్' అంటున్నారు. మన మాటలో చెప్పవలెనంటే రూపపరివర్తన విద్య. మనం మాయ అనే ఒక్క మాటతో అన్నింటినీ కలిపివేస్తాము గాని, లేనిదానిని ఉన్నట్లు చూపే ఇంద్రజాలం వేరు, కోరిన రూపాన్ని నిజంగా ధరించే కామరూపం వేరు. అణిమ, మహిమ, గరిమ, లఘిమ అని అష్టసిద్ధులలో మొదటి నాలుగింటినీ లెక్కపెట్టిన వారికి ఈ వింగడింపు కొత్తదేమీ కాదు. చిన్నవాడు కావడం, పెద్దవాడు కావడం, బరువెక్కడం, తేలిక కావడం, నాలుగూ ఈ శాఖలోనివే.

ఆ ఆటలో ఈ శాఖకు చాతుర్యపు శాఖ అని పేరు రావడానికి కారణం ఉన్నది. నిప్పుబంతిని విసిరే మంత్రానికి వినియోగం ఒక్కటే: కాల్చడం. రాతిని బురదగా మార్చే మంత్రం సంగతి అట్లా కాదు. 1974 నాటి మొదటి పుస్తకాలలోనే ఈ మంత్రం ఉన్నది. పుస్తకం చెప్పేది ఇంతే: ఇంత మేర రాయి బురద అవుతుంది, తిరుగమంత్రం వేస్తే బురద రాయి అవుతుంది. దానితో ఏం చేయవలెనో ఆడేవాడు ఆలోచించుకోవలె. శత్రువు నిలుచున్న చోట వేస్తే కాలు కదపలేడు. గుహ పైకప్పుకు వేస్తే మీదికి బురద కూలుతుంది. గోడ మొదట వేస్తే బురుజు ఒరిగిపోతుంది. బురదలో దిగినవాని చుట్టూ తిరుగమంత్రం వేస్తే మోకాళ్ళదాకా రాతిలో బిగుసుకొంటాడు. మరొకడు యుద్ధం మాట తలపెట్టకుండా, మెత్తని బురదను అచ్చులో పోసి, గట్టిపరచి, ఊరికి వంతెన కట్టిపెడతాడు. రేపల్లె, భట్టిప్రోలు ప్రాంతాలలో వానాకాలం పొలంగట్టు మీద నడిచిన వారికి, నేలను బురద చేయడానికి మంత్రం ఎందుకని నవ్వు రావచ్చు. మనకు కావలసినది ఆ తిరుగమంత్రమే.

రూపం మార్చే మంత్రానికి అంతకంటె కట్టుదిట్టమైన నియమాలు ఉన్నవి. ఇటీవలి కూర్పుల ప్రకారం మనిషిని గాని జంతువును గాని మరొక జంతువుగా మార్చవచ్చును, కాని గంటకు మించి ఆ రూపం నిలువదు. మంత్రం వేసినవాడు మనస్సు దానిమీదనే నిలిపి ఉంచవలె. దెబ్బ తగిలి ఏకాగ్రత చెదిరితే రూపం కూడా చెదురుతుంది. మారినవానికి బుద్ధి జంతువుదే వస్తుంది, స్వభావం మాత్రం తనదే. మాట రాదు, మంత్రం చదవలేడు. ఈ చిక్కులన్నీ తెలిసిన ఆటగాడు ఏం చేస్తాడు? కోటగోడ దాటించలేని గుర్రాన్ని కప్పగా మార్చి చెంబులో వేసుకొని నిచ్చెన ఎక్కుతాడు. గంట నిండకుండా దిగవలె, లేకుంటే నిచ్చెన మీదనే గుర్రం! కొండ చరియ నుంచి జారిపడుతున్న మిత్రుని చేయి పట్టుకోలేక, పట్టుకోవడం మానివేసి, అతనిని పక్షిగా మారుస్తాడు. ఈ ఉపాయాలు ఏ పుస్తకంలోను విధించినవి కావు. బల్ల దగ్గర, ఆ క్షణంలో, హద్దు తెలిసిన బుద్ధికి తోచేవి.

ఇదంతా విదేశీయుల వింత అనుకొనే వారిని సుందరకాండ ఒకసారి తెరవమని కోరుతున్నాను. వాల్మీకి హనుమంతునికి పెరిగే శక్తి, తరిగే శక్తి రెండూ ఇచ్చినాడు. ఒకే విద్య. దానిని అయిదు చోట్ల అయిదు విధాల వినియోగింపజేసినాడు. సముద్రం దాటుతుండగా సురస అడ్డుపడుతుంది. తన నోటిలో ప్రవేశించనిదే ఎవరూ పోరాదని ఆమెకు వరం. హనుమంతుడు పెరుగుతాడు. ఆమె నోరు అంతకంటె పెద్దది చేస్తుంది. పది యోజనాలకు ఇరవై, ముప్పైకి నలభై, తొంభైకి నూరు. ఇది అంతు లేని పోటీ. బలవంతుడు ఇంకా పెరిగేవాడు. హనుమంతుడు మాత్రం చటుక్కున బొటనవేలంత అయి, ఆ నోటిలోకి వెళ్ళి, బయటికి వచ్చి, 'నీ వరం నిజమైనది, ఇక సెలవు' అంటాడు. శాసనాన్ని అతిక్రమించలేదు, అక్షరం తప్పకుండా పాటించినాడు, దాని పనిని మాత్రం ఉడిగించినాడు. ఇంతకంటె చక్కని న్యాయవాదం కోర్టులలో కూడా అరుదు.

తరువాత సింహిక. అది నీడను పట్టి లాగే రాక్షసి. సురస విషయంలో ప్రాణి మీద చేయి వేయని వాడు, ఇక్కడ అదే ఉపాయంతో నోటిలో దూరి మర్మాలను చీల్చి వస్తాడు. అదే విద్య. ఎదుటి మనిషి మారితే వినియోగం మారింది. లంకలో ప్రవేశించేటప్పుడు కావలివారి కంటపడకుండా చిన్నవాడైనాడు. సీతాదేవి, ఇంత చిన్న కోతి నన్నెట్లా మోసుకొని పోతుందని శంకించినప్పుడు, యుద్ధానికి కాదు, ధైర్యం చెప్పడానికి మాత్రమే కొండంత రూపం చూపినాడు. చివరకు తోకకు నిప్పంటించి కట్లతో ఊరేగించినప్పుడు, పర్వతమంత పెరిగి వెంటనే చిన్నవాడు కాగా, బిగించిన కట్లు వాటంతట అవే జారిపోయినవి. ఈ చివరిదానిని భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు తరగతిలో తప్పక వాడుకోవచ్చును.

హద్దు మాటకు వస్తే, తెలుగు సాహిత్యంలో ప్రవరాఖ్యుని పాదలేపానికి సాటి రాగలది నాకు మరొకటి కనబడదు. పదహారవ శతాబ్దంలో అల్లసాని పెద్దన మనుచరిత్రలో చెప్పిన కథ తెలియని విద్యార్థి ఉండడు. ఇల్లు కదలని గృహస్థు తీర్థాలు చూడవలెనని ఉబలాటపడతాడు. ఒక సిద్ధుడు వచ్చి కాళ్ళకు పసరు పూస్తాడు. తలచిన చోటికి చేరగలడు. చేరినాడు, హిమాలయానికి. అక్కడ మంచు కరిగి ఆ నీటిలో పసరు కాస్తా కొట్టుకొనిపోయినది! సిద్ధుడు మోసం చేయలేదు, మందు పనిచేయకపోలేదు. పసరు నీటికి కరుగుతుందనే చిన్న వస్తుగుణం ఒక్కటే. మంచుకొండకు పోదలచినవాడు ఆ గుణం సంగతి ముందుగా అడిగి ఉంటే వరూధిని లేదు, మాయాప్రవరుడు లేడు, స్వారోచిషమనువు లేడు, ప్రబంధమే లేదు. బల్ల చుట్టూ కూర్చున్న ఈనాటి ఆటగాళ్ళు ఒకరినొకరు మొదట అడిగే ప్రశ్న ఇదే: 'ఈ మంత్రం ఎంతసేపు ఉంటుంది? తడిస్తే ఏమవుతుంది?'

వరూధినిని వంచించడానికి గంధర్వుడు ప్రవరుని రూపం ధరిస్తాడు గదా. రూపం తేలికగానే వచ్చినది. ప్రవరుని ప్రవర్తన మాత్రం నటించవలసి వచ్చినది. పింగళి సూరన కళాపూర్ణోదయంలో ఈ చిక్కును రెట్టింపు చేసినాడు. అక్కడ రంభ రూపం ధరించిన కలభాషిణి, నలకూబరుని రూపం ధరించిన మణికంధరుడు కలుసుకొంటారు. ఎదుటివారు అసలువారేనని ఇద్దరి నమ్మకం! మోసం చేయడానికి వచ్చిన ఇద్దరూ ఒకరిచేత ఒకరు మోసపోయినారు. రూపపరివర్తనను ఇంత గడుసుగా వాడిన కథ ప్రపంచ సాహిత్యంలో ఎన్ని ఉన్నవో లెక్క తీయవలసినదే.

ఇక తెనాలికి రావలె. తెనాలి, బాపట్ల, రేపల్లె సీమ వారు ఈ విషయంలో కొంచెం గర్వపడినా తప్పు లేదు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగి తెనాలి గుంటూరు జిల్లాలోను, మిగిలిన రెండూ బాపట్ల జిల్లాలోను చేరినవి గాని, వాడరేవు తీరం దాకా మాటతీరు ఒక్కటే, కథల రుచి ఒక్కటే. చక్రపాణి అనే పేరుతో లోకానికి తెలిసిన ఆలూరి వెంకట సుబ్బారావు తెనాలి ఐతానగర్‌లో 1908లో పుట్టినారు. మరుసటి ఏడు, 1909లో, అదే తెనాలిలో కొడవటిగంటి కుటుంబరావు పుట్టినారు. చక్రపాణి, నాగిరెడ్డి కలిసి 1947 జూలైలో 'చందమామ' ప్రారంభించినారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేవరకు కుటుంబరావు ఆ పత్రికను నడిపినారు. అదే చక్రపాణి, నాగిరెడ్డి విజయా సంస్థ పక్షాన 1957 మార్చి 27న 'మాయాబజార్' విడుదల చేసినారు.

శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు. తరువాతివారు కల్పించుకొన్న కథ. కె. వి. రెడ్డి దర్శకత్వంలో, పింగళి నాగేంద్రరావు రచనలో దానికి వచ్చిన రూపం వేరు. కౌరవుల విడిదికై చినమయ బృందం కట్టిన పట్టణం ఇంద్రజాలం. ఘటోత్కచుడు శశిరేఖగా మారడం కామరూపం. ఈ రెండింటి భేదం తెలియడానికి పిల్లలకు ఆ చిత్రం చూపితే చాలును. ఘటోత్కచునికి కౌరవ సేనను చితక్కొట్టే బలం ఉన్నది. ఆ బలం వాడితే అది యుద్ధం, బలరాముని మాట కూడా పోతుంది. అందుచేత పెండ్లికూతురి పీటమీద తానే కూర్చుంటాడు. పెండ్లి ఆగదు, ఎవరూ ఎవరినీ ధిక్కరించరు, కాని లక్ష్మణకుమారుని కాలు మాత్రం పెండ్లికూతురి కాలి కింద నలుగుతుంది. సురస నోటిలో దూరి వచ్చిన హనుమంతుని యుక్తికి ఇది తమ్ముడు.

రూపం మారినా స్వభావం మిగిలి ఉంటుందనే నియమాన్ని ఆ అమెరికా గ్రంథం ఒక వాక్యంలో చెప్పి ఊరుకొన్నది. సావిత్రి దానిని నటించి చూపినది. శశిరేఖ ముఖమే, శశిరేఖ చీరే. నడకలో మాత్రం ఎస్. వి. రంగారావు! భుజం విరుపు, మీసం లేని పెదవి మీద మీసం ఉన్నవాని దర్పం, చెలికత్తెలు దూరం కాగానే తొంగిచూచే రాక్షసత్వం. అన్నట్లు, ఆ చిత్రంలో బలరాముడు తెనాలి దగ్గర రావికంపాడులో 1927లో పుట్టిన గుమ్మడి వెంకటేశ్వరరావు. కృష్ణపాత్రధారి రామారావు 1923లో పుట్టినవాడు. నాలుగేండ్లు చిన్నవాడు అన్నగారైనాడు, ఎవరికీ సందేహం రాలేదు. ఇది ఏ శాఖ మంత్రమో ఆటగాళ్ళే చెప్పవలె.

కుటుంబరావు సంగతి మరింత ఆలోచింపదగినది. ఆయన హేతువాది, వామపక్ష భావాలు గలవాడు, 1970లో విప్లవ రచయితల సంఘంలో చేరినవాడు. అట్టివాని చేతిమీదుగానే దాదాపు మూడు దశాబ్దాలు తెలుగు బాలబాలికలకు బేతాళుడు, మాంత్రికులు, యక్షులు అందినారు. 1954లో 'తోకచుక్క'తో మొదలైన దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు, వాటికి 'చిత్ర' వేసిన బొమ్మలు, ఆ కాలంలో నెల నెలా చందమామ కోసం ఎదురుచూచిన వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. పత్రిక 2013 నాటికి ఆగిపోయినది, కాని పాత సంచికలను పదిలపరచిన ఇండ్లు ఈ సీమలో ఇంకా ఉన్నవి. మంత్రకథ మూఢనమ్మకాన్ని పెంచుతుందని వాదించేవారు ఈ ఒక్క ఉదాహరణకు సమాధానం చెప్పవలసి ఉంటుంది. బేతాళ కథనే తీసుకొందాము. విక్రమార్కుడు మౌనంగా శవాన్ని మోయవలె. నోరు విప్పితే బేతాళుడు మళ్ళీ చెట్టెక్కుతాడు. సమాధానం తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది. రెండు నియమాలు ఒకదానికొకటి విరుద్ధం. ఆ ఇరుకులో నిలబడి రాజు ధర్మసందేహం తీర్చవలె. చదివిన పిల్లవాడు బేతాళుని నమ్మడం నేర్చుకొనడు, చిక్కుముడిని విప్పడం నేర్చుకొంటాడు.

నమ్మకం మాట వచ్చినది గనుక రసవాదం గురించి ఒక మాట. ఇనుమును బంగారం చేసే పరుసవేది కోసం మన దేశంలోను, పడమటి దేశాలలోను జీవితాలు వ్యయం చేసినవారు ఉన్నారు. వేమన గురించి కూడా అట్టి గాథలు పుట్టినవి. 1919లో రూథర్‌ఫర్డ్ నత్రజని పరమాణువు విచ్ఛిన్నమైనదని ప్రకటించినాడు. 1980లో అమెరికాలో గ్లెన్ సీబోర్గ్ బృందం బిస్మత్ లోహం నుంచి నిజంగానే బంగారు పరమాణువులను పుట్టించినది. అయిన ఖర్చు ముందు ఆ బంగారం విలువ లెక్కలోనికే రాదు. ప్రకృతి కూడా తన మంత్రాలకు కళ్లెం వేసే ఉంచినది. విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయుడు ఈ కథతో పాఠం మొదలుపెడితే నిద్రపోయే విద్యార్థి ఉండడు.

ఇట్టి ఆట మన పాఠశాలలలో సాధ్యమా అని అడిగితే, సాధ్యమే అంటాను. విదేశీ గ్రంథాలు కొననక్కరలేదు. అవి ఖరీదైనవి, ఇంగ్లీషులో ఉంటవి, అందులోని రాక్షసులు మన పిల్లలకు పరాయివారు. ఒక తెలుగు మాస్టారు, నల్లబల్ల, రెండు సాధారణ పాచికలు చాలును. బల్ల మీద ఒక శక్తి వ్రాయవలె: 'తాకిన వస్తువు పదింతలు తేలిక అవుతుంది'. దాని కింద మూడు హద్దులు: రోజుకు ఒక్కసారి, గంటసేపు, ప్రాణం లేని వస్తువుకు మాత్రమే. ఇక కథ: ఉప్పెన వచ్చినది, గ్రామం మునుగుతున్నది, మీరు అయిదుగురు. 1977 నవంబరు నాటి దివిసీమ ఉప్పెనను పెద్దలు చెప్పగా విన్న పిల్లలకు ఇది వట్టి కల్పనగా తోచదు. ఏం చేస్తారు?

మొదటి రోజు సమాధానాలు పేలవంగా ఉండవచ్చును. 'నేను ఉప్పెననే ఆపివేస్తాను' అని ఒకడంటాడు. తక్కిన పిల్లలే వానిని ఆపుతారు: సముద్రాన్ని తాకితే సముద్రం తేలిక అవుతుంది గాని ఆగదు. అక్కడినుంచి అసలు ఆలోచన మొదలవుతుంది. దేవాలయం తలుపును తేలిక చేసి తెప్పగా వాడవచ్చునని ఒక అమ్మాయి అంటుంది. చెక్క తలుపు ఎట్లాగూ తేలుతుంది గదా, మంత్రం ఎందుకు వృథా, ఇనుప పడవను తేలిక చేసి మెరకకు మోసుకొని పోదామని మరొకతె. గంట తరువాత పడవ బరువెక్కుతుంది, అప్పుడు అది ఎవరి భుజం మీద ఉంటుందని వేరొకడు. భాష, గణితం, భౌతికశాస్త్రం, పౌరధర్మం నాలుగూ ఆ వాదంలో కలిసి నడుస్తవి. తప్పు సమాధానానికి మార్కులు తగ్గించే పని లేదు గనుక వెనుక బెంచీవారు కూడా నోరు విప్పుతారు. మాటాడని పిల్లవానిని మాటాడించడం కంటె తెలుగు మాస్టారుకు కావలసినది ఏమున్నది?

ఒక్క జాగ్రత్త మాత్రం మాస్టారు తీసుకోవలె. ఏ ఉపాయాన్నయినా 'కుదరదు' అని కొట్టివేయకూడదు. 'కుదురుతుంది, అయితే...' అని దాని పర్యవసానం చెప్పవలె. సిద్ధుడు ప్రవరునికి పసరు పూయనని అనలేదు. పూసినాడు, మంచు సంగతి మంచుకే విడిచిపెట్టినాడు. అంతా కుదిరిపోతుందనే మాస్టారు దగ్గర ఆట రెండు రోజులలో చప్పబడుతుంది, ఏదీ కుదరదనే మాస్టారు దగ్గర మొదటిరోజే ఆగిపోతుంది.

కాలం లెక్క కూడా తరగతివారికే అప్పగించవచ్చును. పీరియడు సాధారణంగా నలభై అయిదు నిమిషాలు, మంత్రం గంటసేపు. గంట కొట్టేసరికి పడవ ఇంకా తేలికగానే ఉంటుంది, పావుగంట మిగిలి ఉంటుంది. 'మాస్టారూ, ఆ పావుగంటలో ఎంతదూరం పోవచ్చండీ?' అంటూ పిల్లలు లెక్కల మాస్టారు గదిలోకి వెళితే, ఆయన కొంచెం విసుగుకొన్నా చివరకు సుద్దముక్క చేతిలోకి తీసుకోక తప్పదు.